కాలువ వైపే రోడ్డు ఎందుకు దిగిపోతుంది?

చిరంజీవులు బుజ్జికి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో అడిగారు కదా: "బడికెళ్లే రోడ్డు కాలువ వైపే దిగిపోయింది, ఇళ్ల వైపు బాగానే ఉంది. లారీలు రెండు వైపులా పోతున్నాయిగా తాతయ్యా?" అని. లారీలది సగం తప్పే. మిగతా సగం తారు కింద ఉంది.

పల్లెటూరి రోడ్డు మీద తారు పొర చాలాచోట్ల రెండంగుళాలు కూడా ఉండదర్రా. దాని కింద కంకర, ఆ కింద గ్రావెల్, అన్నిటికీ అడుగున రోలరుతో తొక్కించిన మట్టి ఓ ముప్పై సెంటీమీటర్లు. లారీ బరువు చివరికి మోసేది ఆ మట్టే.

అమ్మమ్మ సున్నుండలు చుట్టేటప్పుడు చూడండి. నెయ్యి తక్కువైతే ఎంత నొక్కినా పిండి పొడిపొడిగా రాలిపోతుంది. సరిపడా పడితే పిడికిట్లో బిగుసుకుంటుంది. ఎక్కువైతే ఉండ పళ్లెంలోనే కూలబడుతుంది. మట్టికి నీరే నెయ్యి. ఆ "సరిపడా" ఎంతో కొలిచే పద్ధతిని అమెరికాలో ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లో చెప్పాడు. పిండిని బట్టి నెయ్యి మారినట్టే, మన నల్లమట్టికి ఇంచుమించు 20 నుంచి 25 శాతం నీరు కావాలి, ఎర్ర గ్రావెల్‌కు 8 నుంచి 12 చాలు. ఇంకో సంగతి. అమ్మమ్మ చేతి బిగువు అమ్ములు చేతికి రాదు కదా? గట్టిగా నొక్కే చేతికి నెయ్యి కాస్త తక్కువైనా ఉండ నిలుస్తుంది. బరువైన రోలరుకూ అంతే, నీరు కొంచెం తక్కువే పడుతుంది.

పని దగ్గర మేస్త్రీలు చూసే తీరు ఇది. మట్టిని పిడికిట్లో నొక్కి, నడుమెత్తు నుంచి వదలాలి. రెండు మూడు ముక్కలైతే నీరు సరిగ్గా ఉంది. పొడైపోతే తక్కువ. అరచేతికి తడి అంటుకుని, ముద్ద నేల మీద చదునుగా పరుచుకుంటే ఎక్కువ. పొర 20 సెంటీమీటర్లకు మించకూడదు. మించితే రోలరు పైపైనే తొక్కుతుంది, అడుగు గుల్లగా మిగులుతుంది.

ఇక్కడే మట్టి మనుషుల్ని మోసం చేస్తుంది. మే నెలలో ట్యాంకరు ఖర్చు మిగులుతుందని నీళ్లు తగ్గించి రోలరు తిప్పారనుకోండి. ఆ మట్టి గునపం కూడా దిగనంత గట్టిగా ఉంటుంది. బిల్లు కూడా అయిపోతుంది. ఆ గట్టిదనం ఎలా వచ్చిందంటే, మట్టి రేణువుల మధ్య సన్నటి సందుల్లో మిగిలిన కొద్దిపాటి తడి రేణువుల్ని ఒకదాని వైపు ఒకటి లాగి పట్టుకుంటుంది. ఎంత ఆరితే అంత గట్టిగా లాగుతుంది. కానీ పొడిగా తొక్కిన మట్టిలో ఖాళీలు ఎక్కువ. వానాకాలంలో ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే లాగే పట్టు పోతుంది, మట్టి మెత్తబడుతుంది. నల్లమట్టి అయితే ఉబ్బుతుంది కూడా. అందుకే ల్యాబులో మట్టిని అచ్చులో దట్టించి, 4 రోజులు నీళ్లలో నానబెట్టి, అప్పుడు 5 సెంటీమీటర్ల మందం ఉన్న ఇనుప కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దింపి, ఎంత ఎదురు నిలుస్తుందో చూస్తారు. దీన్ని సీబీఆర్ పరీక్ష అంటారు. గట్టి కంకర బలాన్ని 100 అనుకుంటే, నానకముందు 8, 10 చూపించిన నల్లమట్టి నానాక 2కి పడిపోవడం మామూలే. రోడ్డు మందం ఆ 2ని చూసి వేయాలి, 10ని చూసి కాదు.

సున్నుండల లెక్క ఇక్కడితో సరి. డబ్బాలో పెట్టిన ఉండలో నెయ్యి ఎక్కడికీ పోదు. రోడ్డు కింద నీరు ఒకచోట ఉండదు. తారు పగుళ్లలోంచి దిగుతుంది, అంచుల నుంచి పక్కకు పాకుతుంది, కింద నుంచి పైకి ఎక్కుతుంది. బంకమట్టి నీటిని పైకి లాగడంలో గట్టిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టాలో సార్వాకీ దాళ్వాకీ కాలువల్లో నీరే కదా. రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే. ఇప్పుడు కొన్నిచోట్ల రెండో పక్క చేపల చెరువులొచ్చాయి, రోడ్డే చెరువుకు గట్టు అవుతోంది. నాకు నచ్చని పని అది.

ఇళ్ల వైపు మట్టి ఏటా కొంతకాలం ఆరుతుంది. కాలువ వైపు మట్టి ఆరదు. చక్రం వచ్చినప్పుడల్లా మెత్తని వైపు కాస్త ఎక్కువ వంగుతుంది. తారు అన్నిసార్లు వంగలేక గళ్లుగళ్లుగా పగులుతుంది, ఆ పగుళ్లలోంచి ఇంకా నీరు దిగుతుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఇంకో దెబ్బ. కాలువలో నీరు తొందరగా తగ్గిపోతుంది, గట్టులో నానిన నీరు అంత తొందరగా బయటికి రాదు. ఇన్నాళ్లూ గట్టును ఆనుకుని నిలబెట్టిన నీటి బరువు లేకపోయేసరికి గట్టు కాలువలోకి జారుతుంది, రోడ్డు పొడుగునా చీలిక పడుతుంది.

మందు ఉంది. మట్టి పొర అడుగు భాగం వరద మట్టం కన్నా కనీసం 60 సెంటీమీటర్లు, వీలైతే మీటరు ఎత్తులో ఉండాలి. మధ్యలో ఇసుక పొర వేస్తే నీరు పైకి ఎక్కదు. మరీ జిగట నల్లమట్టికి 3 నుంచి 5 శాతం సున్నం కలుపుతారు. అన్నిటికన్నా చవకైనది, ఎవరూ పట్టించుకోనిది బెర్ము, అంటే తారు అంచు పక్కనుండే మట్టి పట్టీ, చెక్కడం. రోడ్డు మధ్య భాగం అంచు కన్నా నాలుగున్నర సెంటీమీటర్లు ఎత్తుంటే వాన నీరు పక్కకు పోతుంది. కానీ బెర్ము మీద గడ్డి పెరిగి, మట్టి పేరుకుని, తారు కన్నా ఎత్తయిపోతే ఆ నీరు అంచునే నిలబడిపోతుంది. పారతో ఓ పూట చెక్కితే పోయేదానికి రోడ్డంతా మళ్లీ వేస్తారు.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. పొలం మట్టి ఎండబెట్టి పొడి చేసి, రెండు పాత డబ్బాలు తీసుకోండి. ఒకదానికి మట్టిలో కాసిని నీళ్లే చిలకరించండి, రెండోదానికి పిడికిలి పరీక్ష నెగ్గేంత కలపండి. మూడు పొరలుగా వేసి, పొరకు 25 దెబ్బల చొప్పున రోకలి మొనతో దంచండి. రెండు డబ్బాల్లోనూ మేకు నొక్కి ఎంత దిగిందో రాసుకోండి. నొక్కేది ఒకే మనిషి అయ్యుండాలి. తర్వాత పైన నీళ్లు పోసి 4 రోజులు వదిలేసి, నీళ్లు వంపేసి, మళ్లీ నొక్కండి. నాలుగు అంకెలూ నాకు పంపండి. కాలువ గట్టు దగ్గరికి మాత్రం నాన్న లేకుండా వెళ్లకండి.

తాతయ్య