మూతి వంకర పోతే మనిషి వంకరా? ముఖం మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తాను. మూతి వంకర పోయినవాళ్లు తరచూ వస్తుంటారు. మెదడు నుంచి వచ్చే నరాల్లో ముఖాన్ని కదిలించే ఏడో నరం వాచి, ఒక పక్క కండరాలు పడిపోతాయి. వాళ్లతో పని చేసి చేసి, ముఖాల గురించి జనం చెప్పే మాటలు వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

అపోహ: ముఖం చూస్తే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

పోయిన మిర్చి సీజన్‌లో ఒక రైతు వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో ఖరీదుదారు ధర చెప్తుంటే ఈయన మూతి ఎడమ పక్కకు గుంజుకుపోయింది. "నన్ను ఎక్కిరిస్తున్నవా?" అని ఆయన బస్తా మీది చెయ్యి తీసేసి వెళ్లిపోయాడట. పాపం, పాడైంది కుడి పక్క నరం, అందుకే మూతి బాగున్న ఎడమ పక్కకు పోయింది!

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో విల్లిస్, టొడొరోవ్ అనే పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. ముఖాన్ని సెకనులో పదో వంతు చూపించినా చాలు, ఇతన్ని నమ్మొచ్చు, ఇతన్ని నమ్మలేం అని జనం తేల్చేశారు. ఇంకాసేపు చూడనిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, ధీమా మాత్రం పెరిగింది. గొడవంతా ఆ ధీమాతోనే. దవడలు, నుదురు చూసి నేరస్థుల్ని పట్టొచ్చని 1876లో ఇటలీ డాక్టర్ లాంబ్రోసో పుస్తకమే రాశాడు. అది నిలబడలేదు. మన పెళ్లిచూపుల్లో మాత్రం ఆ విద్య ఇంకా నడుస్తోంది.

అపోహ: కనుబొమ్మలు ఉన్నది చెమట ఆపడానికే.

చెమట ఆపుతాయి, నిజమే. కానీ చౌరస్తాలో బండి మీద పోతూ తెలిసినవాడు కనిపిస్తే ఏం చేస్తాం? చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి, కనుబొమ్మలు ఒక్కసారి ఎగరేస్తాం. వాడూ ఎగరేస్తాడు. పలకరింపు అయిపోయింది. నా పేషెంట్లకు ఒకటే లేస్తుంది, అవతలివాడు అయోమయంగా చూస్తాడు.

పాతకాలపు మానవులకు కళ్ల మీద ఎముక గట్టులా ఉండేది. 1921లో జాంబియాలో దొరికిన అలాంటి గట్టున్న కాబ్వే పుర్రెను ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్‌లో పరీక్షించి, నమిలే ఒత్తిడిని తట్టుకోవడానికి అంత గట్టు అక్కర్లేదని 2018లో చెప్పారు. గట్టు తగ్గి నుదురు చదునయ్యాకే కనుబొమ్మలు బాగా కదిలి, నలుగురితో కలిసి మెలగడానికి పనికొచ్చాయని వాళ్ల ఊహ. రుజువు కాదు, ఊహే. నాకైతే నమ్మబుద్ధేస్తుంది.

అపోహ: కళ్లలోకి చూడనివాడు అబద్ధమాడుతున్నట్టే.

కాదు. పెద్దల ముందు తల దించుకునే పిల్లలంతా అబద్ధాలకోరులా?

అపోహ: బబుల్‌గమ్ నమిలితే మూతి సర్దుకుంటుంది.

నమిలే కండరాలు ఐదో నరం కింద ఉంటాయి, పడిపోయింది ఏడోది. దవడ నొప్పి తప్ప ఏమీ రాదు. మూతి వంకర కనిపించగానే ఆస్పత్రికి పరుగెత్తండి, అది బ్రెయిన్ స్ట్రోక్ కూడా కావచ్చు. ఏడో నరందే అయితే మూడు రోజుల్లోపు మందు మొదలవ్వాలి. మూతపడని కన్ను ఎండిపోకుండా చూసుకోవాలి. తర్వాత అద్దం ముందు మెల్లగా, చిన్న చిన్న కదలికలు.

ఆ రైతు రెండో లాట్ అమ్మేటప్పుడు ముందే చెప్పేశాడట: "సేటూ, నేను నవ్వుతలేను, మూతే అట్ల పోయింది. ఇగ ధర చెప్పు."