బండి వేగాన్ని బలంతో లెక్కకట్టడం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

"తాతయ్యా, ఇంజను లాగే బలం ఎంతో తెలిస్తే కారు ఎంత వేగంతో పోతోందో చెప్పగలమా?" అని మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. చెప్పగలం. అయితే బలం ఒక్కటే తెలిస్తే చాలదు. బండి ద్రవ్యరాశి, అంటే అందులో ఉన్న పదార్థం మొత్తం, ఎంతో, ఆ బలం ఎంతసేపు పనిచేసిందో, మొదట బండి ఎంత వేగంతో ఉందో కూడా తెలియాలి.

ఒక నీళ్ల తొట్టిని ఊహించుకోండి. పైన కొళాయి నుంచి నీళ్లు పడుతున్నాయి, అడుగున ఉన్న చిల్లులోంచి కారిపోతున్నాయి. తొట్టిలోని నీటిమట్టమే బండి వేగం అనుకోండి. కొళాయి ధార ఇంజను ముందుకు తోసే బలం. చిల్లులోంచి పోయే నీరు గాలీ, ఘర్షణా కలిసి బండిని వెనక్కి పట్టే బలం. పడే నీటిలోంచి పోయే నీటిని తీసివేస్తే మిగిలేది ఫలిత బలం. మట్టం ఎంత చురుగ్గా పెరుగుతోందో అదే త్వరణం. ఇక తొట్టి వెడల్పు ద్రవ్యరాశి వంటిది: అదే ధార కింద సన్నటి తొట్టి గబగబా నిండుతుంది, వెడల్పాటిది నింపాదిగా నిండుతుంది. కారు అందుకున్నంత త్వరగా నిండు లారీ వేగం అందుకోలేకపోవడానికి ముఖ్యకారణం ఇదే.

1687లో న్యూటన్ ప్రకటించిన గతి నియమాలలో రెండవది ఈ లెక్కకు ఆధారం. ఫలిత బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. బలాన్ని కొలిచే ప్రమాణానికీ ఆయన పేరే, న్యూటన్. 1000 కిలోల కారును ఇంజను 3000 న్యూటన్ల బలంతో ముందుకు తోస్తోంది, గాలీ ఘర్షణా 1000 న్యూటన్లతో వెనక్కి లాగుతున్నాయి అనుకుందాం. మిగిలిన 2000ను 1000తో భాగిస్తే 2, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరుగుతుంది. నిలిచి ఉన్న కారు 10 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 72 కిలోమీటర్లను అందుకుంటుంది.

నా చిన్నతనంలో మొరాయించిన జీపును పిల్లలందరం కలిసి తోసేవాళ్లం. ఎండకు కాలిన రేకు మీద అరచేతులు చురుక్కుమనేవి, కాళ్లు మట్టిలో జారేవి, బండి మాత్రం కదిలేది కాదు. ఒక్కసారి కదిలిందంటే, మేము తోపు పెంచకపోయినా అడుగడుగునా జోరందుకుని, చివరికి మేమే దాని వెంట పరుగెత్తవలసి వచ్చేది. ధార ఆగకపోతే మట్టం పెరుగుతూనే ఉంటుందన్న సంగతి మా చేతులకు అప్పుడే తెలిసింది.

మరి ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందా? ఉండదు. తొట్టిలో మట్టం పెరిగేకొద్దీ చిల్లులోంచి నీరు మరింత ఉధృతంగా చిమ్ముతుంది కదా. అలాగే వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డగింపు కూడా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే అది దాదాపు నాలుగింతలవుతుంది. పడేదీ పోయేదీ సమానమైన చోట ఫలిత బలం సున్నా, త్వరణం సున్నా. వేగం మాత్రం సున్నా కాదు, ఉన్నచోటే నిలకడగా ఉంటుంది. బలం లేకపోతే వేగమే లేదనుకునే పెద్దవాళ్లు కూడా ఉన్నారు కనుక, ఈ మాట రెండుసార్లు చదవండి.

బ్రేకు వేసినప్పుడు ఫలిత బలం వెనక్కి తిరుగుతుంది. అదే కారుకు 8000 న్యూటన్ల బ్రేకు బలం పడితే, సెకనుకు 20 మీటర్ల వేగం నుంచి ఆగడానికి 25 మీటర్లు పడుతుంది. సగం వేగం నుంచైతే 6 మీటర్ల పైచిలుకు చాలు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు! ప్రమాదం జరిగినచోట రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోయిన నల్లటి చారలను కొలిచి, బండి ఎంత వేగంతో వచ్చిందో అంచనా కట్టేది ఈ లెక్కను తిరగేసే. అందుకే, నాయనలారా, దూరంగా ఉంది కదా అని వస్తున్న బండికి అడ్డంగా పరుగెత్తకండి.

ఈసారి కారులో కూర్చున్నప్పుడు, నడిపేవారి ధ్యాస చెదరగొట్టకుండా, నిలిచి ఉన్న బండి గంటకు 36 కిలోమీటర్లను, అంటే సెకనుకు సరిగ్గా 10 మీటర్లను, అందుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. 10ని ఆ సెకన్లతో భాగించి, మనుషులతో సహా బండి ద్రవ్యరాశితో గుణిస్తే సగటు ఫలిత బలం ఎన్ని న్యూటన్లో తేలుతుంది. మీ వీపు సీటుకు ఎప్పుడు గట్టిగా ఆనుతోందో, ఎప్పుడు వదులవుతోందో కూడా గమనించి, ఆ అంకెలతో పాటు నాకు రాయండి.

మీ తాతయ్య