మీ అర్జీ మీద సంతకం ఎవరిది? రాష్ట్ర ప్రభుత్వ పనితీరుపై అపోహలు - వాస్తవాలు

రాష్ట్ర సచివాలయంలో సెక్షన్ అధికారిగా పనిచేసిన కాలంలో రోజూ నా బల్ల మీదికి వచ్చిన టపాల్లో చాలా భాగం మా సెక్షన్ తేల్చగలిగినవి కావు. ఆ అర్జీలు రాసినవారి అవసరం న్యాయమైనది, బస్సు ఛార్జీలు పెట్టుకుని అంత దూరం రావడానికీ వారు వెనుదీయలేదు. వారికి ఎవరూ చెప్పనిది ఒక్కటే: తమ పని మీద సంతకం చేసే అధికారం చట్టప్రకారం ఎవరి చేతిలో ఉందన్నది. ఆ ఒక్క విషయం తెలియక నెలల తరబడి తిరిగినవారిని దగ్గర నుంచి చూశాను కనుకనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎంత పెద్దవారిని కలిస్తే పని అంత త్వరగా అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక వృద్ధ రైతు, తండ్రి నుంచి సంక్రమించిన పొలాన్ని రికార్డుల్లో తన పేరున మార్చాలని మంత్రిగారి పేషీలో అర్జీ ఇచ్చారు. దాని మూలన ‘తగు చర్యకు’ అని రాసి శాఖకు పంపారు. శాఖ ముఖ్య కార్యదర్శి కార్యాలయం నుంచి అది మా సెక్షన్‌కు, అక్కడి నుంచి భూపరిపాలన ప్రధాన కమిషనరుకు, తరువాత కలెక్టరుకు, ఆర్డీవోకు, చిట్టచివరకు తహసీల్దారుకు చేరింది. దారిలో ప్రతి చోటా ఒక ఇన్వార్డు నంబరు పడింది, ఒక కవరింగ్ లేఖ చేరింది; నిర్ణయం మాత్రం ఎక్కడా జరగలేదు. మూడు నెలల తరువాత ఆయన మళ్లీ వచ్చి అడిగినప్పుడు, ఆ కాగితం ఆయన ఊరికి దగ్గరలో ఉన్న మండల కార్యాలయానికే వెళ్లిందని చెప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ‘అక్కడైతే నడిచి వెళ్లేవాడినే గదా బాబూ’ అన్నారు.

పై అధికారి తలచుకుంటే చేయలేరా అని చాలామంది అడుగుతారు. చేయకూడదన్నదే వాస్తవం, అందుకు మంచి కారణమూ ఉంది. భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం, 1971 ప్రకారం అక్కడ మొదటి నిర్ణయం తహసీల్దారుది. దానిపై అప్పీలు ఆర్డీవో వింటారు, ఆ పైన రివిజన్, అంటే కింది ఉత్తర్వును పునఃపరిశీలించే అధికారం కలెక్టరుది. కలెక్టరే మొదట ఉత్తర్వు ఇచ్చేస్తే, ఆ ఉత్తర్వు తప్పైనప్పుడు ఇరుపక్షాల్లో ఎవరికీ ఆ చట్టం కింద వెళ్లడానికి మెట్టు మిగలదు. పై మెట్లు ఉన్నది కింది మెట్టు చేసిన పొరపాటును సరిదిద్దడానికి. అందువల్ల అధికారం ఉన్న కార్యాలయంలోనే అర్జీ ఇచ్చి, తేదీ, నంబరు ఉన్న రసీదు తీసుకోండి. అక్కడ స్పందన లేనప్పుడు ఆ రసీదుతో పైకి వెళితే, మీ మాటకు బలం ఉంటుంది.

అపోహ: జీవో వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే.

జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, చివరన ‘గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరున’ అని ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరున జరగాలి గనుక అలా రాస్తారు. సాధారణంగా ఆ నిర్ణయం మంత్రిదో, మంత్రివర్గానిదో, నియమావళి ప్రకారం అధికారం పొందిన కార్యదర్శిదో అయి ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. ఊరికి రోడ్డు మంజూరైందని వచ్చే జీవో చాలా సందర్భాల్లో పరిపాలనా అనుమతి మాత్రమే, అంటే ఆ పనిని అంత మొత్తంతో చేపట్టవచ్చునన్న సమ్మతి. తరువాత సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం ఉంటాయి. ఆర్థిక శాఖ నుంచి నిధుల విడుదల ఉత్తర్వు రావాలి, పని కొలతలు పుస్తకంలో నమోదు కావాలి, బిల్లు ఖజానాకు వెళ్లి ఆమోదం పొందాలి. వీటన్నిటి వెనుక మరింత గట్టి నియమం ఒకటుంది: శాసనసభ ఆమోదించిన ద్రవ్య వినిమయ చట్టం లేనిదే రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన నిధి) నుంచి ఒక్క రూపాయి కూడా తీయరాదు. ఆ ఏడాదికి కేటాయించి ఖర్చు చేయని మొత్తం మార్చి 31తో మురిగిపోతుంది. అందుకే మార్చి చివరి వారంలో ఖజానా కార్యాలయాల్లో అంత ఒత్తిడి ఉంటుంది. మీ ఊరి పని ఆగినప్పుడు ‘జీవో ఉందిగా’ అని అడగడం కంటే, ఏ దశలో ఆగిందో అడిగితే ఖచ్చితమైన సమాధానం వస్తుంది.

అపోహ: ఎమ్మెల్యే అంటే ప్రభుత్వంలో భాగమే, ఆయన సంతకం చేస్తే మంజూరైనట్టే.

మంత్రి కాని ఎమ్మెల్యే ప్రభుత్వాన్ని ప్రశ్నించే సభలో సభ్యుడు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ తరువాత ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం దాటరాదు. 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో అది 26. మిగిలినవారి సిఫారసు లేఖ గౌరవనీయమైనదే గాని ఉత్తర్వు కాదు. వారి అసలు బలం సభలో వేసే ప్రశ్నలో, పద్దులపై చర్చలో, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీలో ఉంది. మీ ప్రతినిధిని ఆ ప్రశ్న వేయమని కోరడం మీ హక్కు, దానిని మనం చాలా తక్కువగా వాడుకుంటున్నాం.

విద్యుత్ ఛార్జీలను మంత్రివర్గం నిర్ణయిస్తుందనే నమ్మకమూ ఉంది. వాటిని ఖరారు చేసేది విద్యుత్ నియంత్రణ మండలి. పంపిణీ సంస్థల ప్రతిపాదనలపై మండలి బహిరంగ విచారణ జరుపుతుంది, ఏ వినియోగదారుడైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. ప్రభుత్వం చేయగలిగింది రాయితీ ఇచ్చి ఆ భారాన్ని తాను మోయడం.

అపోహ: సమాచార హక్కు దరఖాస్తు పెడితే పని చేసి తీరాలి.

2005 నాటి ఆ చట్టం కార్యాలయంలో ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, పరిష్కారాన్ని కాదు. ‘నాకు పింఛను ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగేకంటే ‘ఫలానా నంబరు గల నా దరఖాస్తుపై అధికారులు తమ అభిప్రాయాలు రాసిన నోట్ ఫైలు ప్రతి, దానిని పరిశీలించిన అధికారుల హోదాలు, అది ఒక్కొక్కరి వద్దకు చేరిన తేదీలు ఇవ్వండి’ అని అడిగితే, అర్జీ ఎవరి వద్ద ఎన్నాళ్లు ఆగిందో కాగితం మీదే తెలుస్తుంది. సమాధానానికి గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే, అందుకున్న అధికారే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి, తిప్పి పంపరాదు.

న్యాయస్థానం డబ్బున్నవారికేనన్న మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. జిల్లా కోర్టులోని ఆ సంస్థ కార్యాలయంలో గానీ, 15100 నంబరుకు గానీ చెప్పుకోవచ్చు. అప్పీలు చేయదలచినవారు మాత్రం ఉత్తర్వు చేతికి అందిన తేదీని దాని మీదే రాసిపెట్టుకోండి, గడువు లెక్కించేటప్పుడు ఆ తేదీనే అడుగుతారు.