పన్నెండు చేతులు, ఒకే లయ

స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌కి తప్పెటగుళ్ల బొమ్మలు చేద్దామన్నది మా మేనకోడలి ఆలోచన. గుండెల మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని బృందమంతా ఒక్క లయలో ఆడే ఆట అది. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరు బొమ్మలు, ఒక్కోదానికి రెండు చేతులు, మొత్తం పన్నెండు సర్వో మోటార్లు. చేతులకి అంకుడు కర్ర వాడాం. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే, మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. అన్నిటినీ నడపడానికి అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్.

ఒక మోటారు చక్కగా తిరిగింది. నాలుగోది కలిపేసరికి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆరోదానికి కంప్యూటరే ఆగిపోయి మళ్లీ మొదటినుంచి స్టార్టయింది. "ప్రోగ్రామ్‌లో తప్పుందా మావయ్యా?" అంది పాప, మొహం చిన్నబుచ్చుకుని. రెండు రాత్రులు ప్రోగ్రామే వెతికాం. అందులో తప్పేమీ లేదు. వణుకుకి కారణం సమయం, ఆగిపోవడానికి కారణం కరెంటు. రెండూ ఒకేసారి కనిపించడంతో ఒకటే జబ్బు అనుకున్నాం.

ముందు సర్వో సంగతి. ఈ పేరు పుట్టింది ఓడల మీద. 19వ శతాబ్దంలో జోసెఫ్ ఫార్కో అనే ఫ్రెంచ్ ఇంజనీరు, ఆవిరి బలంతో ఓడ చుక్కానిని తిప్పే యంత్రానికి ఆ పేరు పెట్టి, 1873లో దాని గురించి పుస్తకం ప్రచురించాడు. మనిషి చక్రాన్ని ఎంత తిప్పాడో చుక్కాని అంతే తిరిగి అక్కడ ఆగాలి. అంటే యంత్రానికి బలం ఒక్కటే చాలదు, తను ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. 1948లో 'జలఉష' ఓడని నీళ్లలోకి దించిన ఊరు మన విశాఖ. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి హార్బర్‌లోకి తిరిగే ఓడల్ని చూస్తూ పెరిగాం. తొమ్మిది గ్రాముల బొమ్మ మోటారులో ఉన్నదీ ఆ చుక్కాని సూత్రమేనని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ చిన్న డబ్బాలో ఒక మోటారు, వేగం తగ్గించి బలం పెంచే గేర్లు, ఇరుసు ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్, మనం తిరగమన్నదానితో దాన్ని పోల్చే సర్క్యూట్ ఉంటాయి. మనం పంపే ఆజ్ఞ ఒక పల్స్, అంటే క్షణకాలం వచ్చి పోయే కరెంటు సంకేతం. సెకనుకి 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకొకటి. ఆ పల్స్ ఎంతసేపు ఉందన్నదే కోణం. 1.5 మిల్లీసెకన్లు ఉంటే చేయి మధ్యలో నిలబడుతుంది. ఎస్‌జీ90 రకం మోటార్లలో దాదాపు 0.5 నుంచి 2.5 మిల్లీసెకన్ల మధ్య మొత్తం 180 డిగ్రీలూ తిరుగుతుంది. భాగించి చూడండి, ఒక డిగ్రీకి 11 మైక్రోసెకన్లు.

అంత సన్నటి కాలాన్ని కంప్యూటర్ పట్టుకోలేదా? సినిమా చూపించగలదు కానీ ఇది మాత్రం కష్టం. దాని మీద నడిచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకేసారి ఎన్నో పనులు చూస్తుంటుంది. 'ఇంతసేపు ఆగి నన్ను లేపు' అని మన ప్రోగ్రామ్ అడిగితే, మామూలుగా 50 మైక్రోసెకన్ల దాకా ఆలస్యం చేసే వీలు లినక్స్ తనకి తాను ఉంచుకుంటుంది. అది నాలుగు డిగ్రీలకు పైనే! పని ఎక్కువైతే ఇంకా ఆలస్యం. పల్స్ పొడవు ప్రతిసారీ మారుతుంటే చేయి వణకదా మరి? పల్స్‌ని హార్డ్‌వేరే స్వయంగా తయారుచేసే దారులు బోర్డులో ఉన్నాయి కానీ పన్నెండు మోటార్లకి అవి చాలవు.

అందుకే లయ తప్పకుండా చూసే పనిని వేరే చిప్‌కి అప్పగించాలి. పీసీఏ9685 అనే చిప్‌కి తెలిసిందల్లా లెక్కపెట్టడమే. ఒక్కో 20 మిల్లీసెకన్లనీ 4096 ముక్కలు చేస్తుంది, ముక్క 4.88 మైక్రోసెకన్లు. 16 మోటార్లకి విడివిడిగా పల్స్‌లు ఇస్తుంది. కంప్యూటర్ నుంచి దానికి, చిప్‌ల మధ్య మాటలు నడిపే ఐ2సీ పద్ధతిలో రెండు సిగ్నల్ తీగలు చాలు. 'మూడో మోటారుకి 307 ముక్కలు' అని ఒక్కసారి చెబితే, మనం మార్చేదాకా అది 1.5 మిల్లీసెకన్ల పల్స్‌ని అలుపు లేకుండా ఇస్తూనే ఉంటుంది. అయితే దాని లోపలి గడియారం కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది, ఏ రెండు మోటార్లూ అచ్చంగా ఒకలా ఉండవు. కాబట్టి ప్రతి చేతికీ ఈ చివర ఎంత, ఆ చివర ఎంత అని కొలిచి రాసుకోవాలి. పాప ఒక ఆదివారమంతా కూర్చుని నోట్‌బుక్కులో పట్టిక గీసింది. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన రోజు అది.

ఇక కరెంటు. ఎస్‌జీ90 బిగుసుకుపోయినప్పుడు 600 నుంచి 700 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. కదలడం మొదలుపెట్టే క్షణంలోనూ దాదాపు అంతే. పన్నెండూ ఒక్కసారి కదిలితే ఏడెనిమిది ఆంపియర్లు. కంప్యూటర్ 5 వోల్టుల పిన్ నుంచి అంత లాగితే వోల్టేజీ పడిపోతుంది. 4.63 కిందికి దిగితే రాస్ప్‌బెర్రీ పై తెర మీద మెరుపు గుర్తు చూపిస్తుంది. మేం ఆ గుర్తు చూసి కూడా పట్టించుకోలేదు. ఎల్‌ఈడీ బోర్డులకి వాడే 5 వోల్టులు, 10 ఆంపియర్ల సప్లై తెచ్చి మోటార్లకి విడిగా ఇచ్చాక కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. సప్లైలు వేరైనా గ్రౌండ్ (సున్నా వోల్టుల) తీగలు మాత్రం కలిపి ఉండాలి. ఏ సిగ్నల్‌నైనా కొలిచేది గ్రౌండ్ నుంచే. అలాగే చిప్‌కి ఇచ్చే వోల్టేజీ 3.3 దాటకూడదు, ఎందుకంటే ఆ రెండు సిగ్నల్ తీగలూ అదే వోల్టేజీతో కంప్యూటర్‌ని తాకుతాయి.

చేతులన్నీ ఒకే క్షణంలో కదిలించకుండా ఒక్కోదానికి 20 మిల్లీసెకన్ల తేడా పెట్టాం. మోటార్ల మొదటి లాగుడు అన్నీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండటానికి చేసిన పని అది. తీరా చూస్తే, మనుషులు తప్పెట కొట్టినట్టే ఉంది. పాప చప్పట్లు కొట్టింది.

ఎగ్జిబిషన్ అయిన రెండు నెలలకి మూడో బొమ్మ కుడి చేయి మళ్లీ వణికింది. సమయం సరిగానే ఉంది, కరెంటూ ఉంది. కనెక్టర్ పీకి చూస్తే పిన్ను మీద పచ్చటి పొర. పెదవాల్తేరులో కిటికీ తీస్తే వచ్చేది ఉప్పుగాలే కదా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్నులు తుడిచి గట్టిగా నొక్కి పెట్టాం. వణుకు ఆగింది.