‘ఎవరికి వేయాలో ఇంకా తెలియదు’ అనే బ్రిటన్ ఓటరు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో ఎన్నికల సర్వేల కోసం ఓటర్లతో మాట్లాడటం నా ఉద్యోగం. ఫోన్‌లో మాట్లాడతాను, ఇంటి గుమ్మం దగ్గర మాట్లాడతాను, ఒక్కోసారి ఎనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెట్టి గంటన్నరసేపు మాట్లాడిస్తాను. ఈ పనిలో నేను ఎక్కువగా పట్టించుకునేది ఏ పార్టీ జెండా మొయ్యనివాళ్లను. ఇంకా తేల్చుకోనివాళ్లు కొందరు, తేల్చుకుని ఏం లాభం అని విసిగిపోయినవాళ్లు కొందరు. టీవీ చర్చల్లో వీళ్లను ఒక్క మాటలో తీసిపారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అవే మాటలు తిరుగుతుంటాయి. తర్వాతి సాధారణ ఎన్నికలు ఎంత ఆలస్యమైనా 2029 ఆగస్టు సగానికల్లా జరగాలి. ప్రధాని అనుకుంటే అంతకన్నా ముందే రావచ్చు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అపోహ: తేల్చుకోనివాళ్లకు రాజకీయాలు పట్టవు

కొందరికి పట్టవు, నిజమే. కానీ సర్వే ఫారంలో ‘తెలియదు’ అనే గడిలో పడేవాళ్లంతా ఒక రకం కాదు. రెండు పార్టీల మధ్య నిజంగా ఊగిసలాడేవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి వేసిన పార్టీ మీద కోపం వచ్చి, ఎదుటి పార్టీకి వేయడానికి చెయ్యి రాక ఆగిపోయినవాళ్లు ఉంటారు. ఎవరికో ఇప్పటికే అనుకుని, మాకు చెప్పడం ఇష్టంలేనివాళ్లు ఉంటారు. వేయాలా వద్దా అన్నదే తేలనివాళ్లు ఉంటారు. ఈ నాలుగు రకాలనూ ఒకే గాటన కట్టడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది.

స్టోక్-ఆన్-ట్రెంట్‌లో కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేసే ఒకావిడతో 2024 జూన్‌లో మాట్లాడాను. 2016 రెఫరెండంలో, అంటే ప్రజాభిప్రాయ సేకరణలో, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని వేశారు. 2019లో జీవితంలో మొదటిసారి కన్సర్వేటివ్ పార్టీకి వేశారు. ఆ ఏడాది స్టోక్‌లోని మూడు సీట్లూ ఆ పార్టీకే వెళ్లాయి. ఈసారి ఎవరికి అంటే ‘తెలియదు’ అన్నారు. ఆ గడిలో టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా, ‘ఏం చూసి తేల్చుకుంటారు?’ అని అడిగాను. ఇక ఆపకుండా చెప్పుకొచ్చారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున 8 గంటల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుంటే, లైన్ దొరికేసరికి ఆ రోజు స్లాట్లు అయిపోతున్నాయి. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం పెట్టిన మినీ బడ్జెట్ తర్వాత వడ్డీలు ఎగబాకి, కూతురి ఇంటి లోన్ వాయిదా పెరిగింది. లేబర్ అభ్యర్థి కరపత్రం ఫ్రిజ్ మీదే పెట్టుకున్నారు. అందులో ఇచ్చిన హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో రాయలేదని పెన్నుతో గీత కూడా గీశారు. ఏళ్లుగా ఒకే గుర్తుకు వేస్తూ వచ్చినవాళ్లలో ఇంత లెక్క చూసుకునేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఇక్కడి సర్వేల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ‘తెలియదు’ అని ఎక్కువగా చెబుతారు. దాన్ని అవగాహన లేకపోవడంగా చూసేవాళ్లంటే నాకు కోపం. నేను చూసినంతలో, చాలామంది మగవాళ్లు సగం తెలిసినా గట్టిగా చెప్పేస్తారు. ఆడవాళ్లు మనసులో తేలేదాకా నోరు విప్పరు.

ఇంకో సంగతి. ‘మా ఇంట్లో తరతరాలుగా లేబర్’ అనే కాలం ఇక్కడ చాలావరకు పోయింది. బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ లెక్కల ప్రకారం 2010, 2015, 2017 ఎన్నికల్లో మూడుసార్లూ ఒకే పార్టీకి వేయనివాళ్లు దాదాపు సగం మంది.

అపోహ: సర్వేలో ‘తెలియదు’ అన్నవాళ్లను పక్కన పెట్టినా ఫలితం మారదు

చాలా మారుతుంది. ఉదాహరణకు వెయ్యి మందిని అడిగామనుకుందాం. 120 మంది ఓటు వేయం అన్నారు, 180 మంది తెలియదు అన్నారు. మిగిలిన 700 మందిలో 280 మంది ‘ఎ’ పార్టీకి, 168 మంది ‘బి’ పార్టీకి వేస్తామన్నారు. 300 మందిని తీసేసి 700 మీద లెక్క కట్టి, ‘ఎ’కి 40 శాతం, ‘బి’కి 24 శాతం అని పేపర్లో వేస్తారు. పదహారు పాయింట్ల ఆధిక్యం! ఇప్పుడు ఆ 180 మందిలో ఎక్కువమంది పోయినసారి ‘బి’కి వేసి ఈసారి అలిగినవాళ్లే అనుకోండి. వాళ్లలో 90 మంది పోలింగ్ రోజు మళ్లీ ‘బి’కే వేసి, మిగతా 90 మంది ఇంట్లో ఉండిపోతే, ‘ఎ’ 35 శాతం, ‘బి’ దాదాపు 33 శాతం. అలలాంటి గెలుపు అనుకున్నది కాస్తా నువ్వా నేనా అన్నట్టు అయిపోయింది.

2024 ఎన్నికలకు ముందు జరిగింది కొంతవరకు ఇదే. 2019లో కన్సర్వేటివ్‌లకు వేసినవాళ్లలో చాలామంది మాతో ‘తెలియదు’ అన్నారు. చివరి సర్వేల్లో ఎక్కువ భాగం లేబర్ ఆధిక్యాన్ని 15 నుంచి 20 పాయింట్ల దాకా చూపించాయి. తీరా వచ్చింది 10 పాయింట్లు. అలిగినవాళ్లలో కొందరు పాత గూటికి చేరతారని ముందే లెక్కలో కలుపుకున్న సంస్థలూ ఉన్నాయి. ప్రచారం మొదట్లో వాటి అంకెలు మిగతావాటికన్నా తక్కువగా కనిపించేవి. అయితే మొత్తం తేడాకు తేల్చుకోనివాళ్లే కారణం అనడం కూడా తప్పు. 2015లో సర్వేలన్నీ పోటాపోటీ అంటే, కన్సర్వేటివ్‌లు దాదాపు 7 పాయింట్లతో గెలిచారు. ఆ తర్వాత వేసిన విచారణ కమిటీ తేల్చిందేమిటంటే, మేము ఎంచుకున్న మనుషులే దేశానికి సరైన నమూనా కాదు. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లే మా ప్రశ్నలకు ఎక్కువగా జవాబిస్తారు. విసిగిపోయినవాళ్లు అసలు ఫోనే ఎత్తరు. మా వృత్తిలో ఇప్పటికీ పూర్తిగా తీరని సమస్య ఇదే.

ఈసారి ఏదైనా సర్వే వార్త చూస్తే ఒక పని చేయండి. బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్‌లో సభ్యత్వం ఉన్న సంస్థలు పూర్తి పట్టికలు బయటపెట్టాలి. అందులో ‘తెలియదు’ వరుస ఎంత ఉందో, వాళ్లు పోయినసారి ఎవరికి వేశారో చూడండి. హెడ్‌లైన్‌లో దొరకని విషయం అక్కడ దొరుకుతుంది.

అపోహ: ఓటు వేయనివాళ్లు బద్ధకస్తులు

2024లో పోలింగ్ 60 శాతం. 2001 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. 1950లో ఇదే దేశంలో దాదాపు 84 శాతం మంది వేశారు. మనుషుల్లో అంత బద్ధకం పెరిగిపోయిందంటే నేను నమ్మను. ఎందుకంటే 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్య రెఫరెండం పెడితే 84.6 శాతం మంది క్యూ కట్టారు. 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో 72 శాతం మంది వేశారు. వాళ్లలో ఎన్నో ఏళ్లుగా పోలింగ్ కేంద్రం మొహం చూడనివాళ్లు ఉన్నారు. ఆ రోజు ప్రతి ఓటుకూ ఒకే విలువ ఉంది, కాబట్టి వచ్చారు.

సాధారణ ఎన్నికల్లో ఆ నమ్మకం లేదు. ఉండకపోవడానికి కారణాలు వాళ్లు మాకు వరుసగా చెబుతారు. 2009లో ఎంపీల దొంగ ఖర్చుల బిల్లులు బయటపడ్డాయి. ట్యూషన్ ఫీజులు పెంచబోమని సంతకాలు పెట్టిన లిబరల్ డెమొక్రాట్లు 2010లో ప్రభుత్వంలో చేరాక ఆ మాట తప్పారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో చనిపోతున్న తల్లిని చూడటానికి జనాన్ని వెళ్లనివ్వకుండా, ప్రధాని కార్యాలయం ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లో విందులు చేసుకున్నారు. ఈ చివరిది చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు వణికేవాళ్లను చూస్తుంటాను. బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ అనే సర్వే ఏటా జరుగుతుంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత పార్టీ ప్రయోజనం కన్నా దేశం మేలు ముందు చూస్తుందని ‘దాదాపు ఎప్పుడూ నమ్మను’ అన్నవాళ్లు 2024లో వెలువడిన నివేదికలో 45 శాతం. అంతకుముందు ఎప్పుడూ అంత ఎక్కువ రాలేదు.

‘అందరూ ఒకటే’ అనే మాట నేను రోజూ వింటాను. అది పట్టనితనం నుంచి వచ్చే మాట కాదు. ఒకప్పుడు గట్టిగా నమ్మి దెబ్బతిన్నవాళ్లే ఆ మాట ఎక్కువగా అంటారు.

అపోహ: ఒక్క ఓటుతో ఒరిగేదేమీ లేదు

దీనికి నేను అందరికీ ఒకే జవాబు చెప్పను. ఒకే పార్టీ దశాబ్దాలుగా భారీ మెజారిటీతో గెలిచే సేఫ్ సీటులో ఉన్నవాళ్లు ఈ మాటంటే వాళ్ల బాధలో న్యాయం ఉంది. 2024లో లేబర్‌కు 34 శాతం లోపు ఓట్లతో 650లో 411 సీట్లు వచ్చాయి. రిఫార్మ్ యూకేకు 14 శాతం ఓట్లు వస్తే 5 సీట్లు, అంతకన్నా తక్కువ ఓట్లు వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకు 72 సీట్లు. ఈ లెక్క చూసి ఎవరైనా విసుక్కుంటే కాదనలేం.

కానీ మీ సీటు సేఫ్ అని మీకు ఎవరు చెప్పారు? అదే 2024లో లండన్‌లోని హెండన్‌లో మెజారిటీ 15 ఓట్లు. పూల్ అనే నియోజకవర్గంలో 18. బాసిల్డన్ అండ్ బిల్లరికేలో 20. ఇక 1997 వించెస్టర్ కథ తెలుసుకోవాల్సిందే. లిబరల్ డెమొక్రాట్ మార్క్ ఓటెన్ 2 ఓట్ల తేడాతో గెలిచారు. పోలింగ్ సిబ్బంది అధికారిక ముద్ర వేయకుండా ఇచ్చిన బ్యాలెట్లు 50కి పైగా చెల్లకుండా పోవడంతో ఓడినాయన కోర్టుకెళ్లారు, ఎన్నిక రద్దయింది. నవంబర్‌లో మళ్లీ ఎన్నిక పెడితే అదే మార్క్ ఓటెన్ 21,556 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆరు నెలల్లో ఓటర్లు ఎంతగా కదలగలరో చూడండి.

అపోహ: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఇక్కడ ఓటు లేదు

ఈ మాట రెడింగ్‌లో, ఈస్ట్ హామ్‌లో, స్లౌలో మనవాళ్ల నోట వింటూనే ఉంటాను. ‘అక్కా, మనది ఇండియా పాస్‌పోర్ట్ కదా, మనకు ఓటెక్కడిది?’ అంటారు. ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం. 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివసిస్తుంటే పార్లమెంట్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా అయినా, స్కిల్డ్ వర్కర్ వీసా అయినా, డిపెండెంట్ అయినా సరే. దీనివల్ల ఇండియన్ పౌరసత్వం పోదు, వీసాకు ఇబ్బంది రాదు. పైగా ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోర్‌కు కూడా మంచిది.

పేరు దానంతట అదే చేరదు, మనమే నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని. గడువు పోలింగ్‌కు 12 పనిరోజుల ముందు ముగుస్తుంది. 2024 జులై 4 ఎన్నికకు అది జూన్ 18. ఆ తర్వాత గుర్తొచ్చి నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామంది. పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపించాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ పనికొస్తుంది, కానీ అసలుదే తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో చెల్లదు. మన ఇంటిపేర్లతో ఒక చిక్కుంది. పాస్‌పోర్ట్‌లో ఒకలా, కౌన్సిల్ జాబితాలో ఒకలా పడుతుంటాయి. నమోదు చేసేటప్పుడే పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి.

2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచినప్పుడు మన ఇళ్లలో ఎంత టెన్షనో అందరికీ తెలుసు. ఆ నిర్ణయాలు తీసుకునే పార్లమెంట్‌కు ఓటు వేసే హక్కు చేతిలో ఉండి కూడా వాడుకోకపోవడం నాకు మింగుడుపడదు.

అపోహ: నచ్చక ఖాళీ బ్యాలెట్ వేస్తే ఎవరూ చూడరు

చూస్తారు. మన దగ్గర 2013 నుంచి ఉన్న నోటా ఇక్కడ లేదు. కానీ చెల్లని ఓట్లను విడిగా తీసి, అభ్యర్థులు, ఏజెంట్ల ముందు ఒక్కొక్కటీ చూపిస్తారు. ఎన్ని చెల్లలేదో కూడా ఫలితంతో పాటు ప్రకటిస్తారు. దానివల్ల గెలుపోటములు మారవు. అయినా కోపం ఎంతుందో ఓ అంకె అయినా మిగులుతుంది, ఇంట్లో కూర్చుంటే అదీ ఉండదు.

అపోహ: తేల్చుకోనివాళ్లంతా చివర్లో ఒకేవైపు వెళ్తారు

2010 ఏప్రిల్ 15న మొదటి టీవీ డిబేట్ తర్వాత లిబరల్ డెమొక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ పేరు మారుమోగిపోయింది, సర్వేల్లో ఆయన పార్టీ ఎగిసింది. చివరికి అంతకుముందు 62 ఉన్న సీట్లు 57కు తగ్గాయి. తేల్చుకోనివాళ్లు నాలుగు దిక్కులకూ వెళ్తారు, కొందరు ఎటూ వెళ్లరు.

అపోహ: మనం ఎవరికి వేశామో తెలిసిపోతుంది

వీసా మీద ఉన్నవాళ్లకు ఈ భయం ఎక్కువ. బ్యాలెట్ పేపర్ వెనక నంబర్ ఉంటుంది, అది చూసి కంగారు పడతారు. అది దొంగ ఓట్ల మీద కేసు పడితే విచారణకు ఉపయోగపడేది. లెక్కింపు అయ్యాక పేపర్లకు సీల్ వేసి ఏడాదిపాటు దాచి నాశనం చేస్తారు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ తెరవలేరు. మీరు ఓటు వేశారా లేదా అన్నది పార్టీలకు తెలుస్తుంది, ఎవరికి అన్నది తెలియదు. పోలింగ్ కేంద్రం బయట రంగు రిబ్బన్ పువ్వు పెట్టుకుని నిలబడి ఓటరు నంబర్ అడిగేవాళ్లు పార్టీ మనుషులు. చెప్పాలని లేకపోతే చెప్పక్కర్లేదు.

మా సర్వేలోనూ మీ జవాబు మీ పేరుతో బయటికి పోదు. ఫోన్ వస్తే ‘ఇంకా తేల్చుకోలేదు’ అని చెప్పడానికి మొహమాటపడకండి. ఎందుకు తేల్చుకోలేదో కూడా చెప్పండి, మేం రాసుకుంటాం.