మందు డబ్బా కూడా తీసుకురండి

ములుగు, భూపాలపల్లి వైపు పత్తిచేనులో పురుగుమందు చల్లుతూ పడిపోయిన మనిషిని ఆటోలో వేసుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు, ఆ కంగారులో మందు డబ్బా చేను గట్టునే ఉండిపోవచ్చు. వైద్యుడికి అది చాలా అవసరం. ఎందుకో చెబుతాను.

నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కండరాలకు, గ్రంథులకు కబురు పంపుతాయి. కబురు అందగానే దాన్ని చెరిపేయడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ వర్గం పురుగుమందులు ఆ ఎంజైమ్‌ను పట్టేస్తాయి. ఇక కబుర్లు ఆగవు. చెమట, చొంగ కారిపోతాయి, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, గుండె మందగిస్తుంది, ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి ఊపిరి ఆడదు.

దీనికి మొదటి విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్తలో ఉండే విషాల్లో ఇదీ ఒకటి (అలాగని ఉమ్మెత్త నూరి పోయకండి, రెండో విషం తోడవుతుంది). కబురు అందుకునే చోటును అది అడ్డుకుంటుంది. పెద్దవారికి 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఫలితం కనిపించకపోతే 5 నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తారు. మన దగ్గర ఒక ఆంపూల్‌లో (సూదిమందు ఉండే చిన్న గాజు సీసా) సాధారణంగా ఉండేది 0.6 మిల్లీగ్రాములే. 2, 4, 8 మిల్లీగ్రాములు అని పెంచుతూ పోతే 10 నిమిషాల్లో 20కి పైగా ఆంపూళ్లు కావాలి! చిన్న ఆసుపత్రుల అల్మారాల్లో అన్ని ఉండాలని గట్టిగా అడగాలి. ఎంతవరకు ఇవ్వాలో చెప్పేది కంటిపాప కాదు, స్టెతస్కోపు. ఛాతీలో గురగుర తగ్గాలి, నాడి, రక్తపోటు కోలుకోవాలి.

కండరాల నీరసం మాత్రం అట్రోపిన్‌కు లొంగదు. అందుకే ప్రాలిడాక్సిమ్ అనే రెండో విరుగుడు. పట్టుబడిన ఎంజైమ్‌ను విడిపించడం దాని పని. ఆలస్యమైతే ఆ పట్టు ముదిరిపోయి ఇక విడిపించడం సాధ్యం కాదు. డబ్బా అవసరమయ్యేది ఇక్కడే. మోనోక్రోటోఫాస్ వర్గంలో సగం ఎంజైమ్ సుమారు 4 గంటల్లోనే ముదిరిపోతుంది, క్లోరిపైరిఫాస్ వర్గంలో సుమారు 33 గంటలు పడుతుంది. ప్రాలిడాక్సిమ్ ప్రాణం నిలుపుతుందా అన్నదానిపై రోగులపై జరిపిన పరీక్షలు ఒకే మాట చెప్పలేదు. 2006లో వెలువడిన మహారాష్ట్ర పరీక్షలో ఎక్కువ మోతాదు మేలు చేసింది, 2009లో వెలువడిన శ్రీలంక పరీక్షలో మేలు కనిపించలేదు.

ఒకవేళ డబ్బాలో ఉన్నది గడ్డిమందు పారాక్వాట్ అయితే చికిత్సే మారిపోతుంది. దానికి విరుగుడు లేదు, అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే హాని పెరుగుతుంది.

దారిలో వాంతి చేయించవద్దు. తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బునీళ్లతో కడగండి, కడిగేవారు చేతులకు కవరైనా తొడుక్కోవాలి. డబ్బా మూత బిగించి, సంచిలో వేసి తెచ్చి, వైద్యుడికి చూపించండి.