నైట్రస్ ఆక్సైడ్ ఆయువు ఎందుకు మారుతోంది?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ యుద్ధ విమానాలకు ఒక చిక్కు ఉండేది. బాగా ఎత్తులో ఎగిరితే వెనక తెల్లటి చార పడేది. విమానం ఎక్కడుందో శత్రువుకు వేలు పెట్టి చూపించినట్టే. చార ఎప్పుడు పడుతుందో ముందే చెప్పాలంటే పైన గాలిలో తేమ ఎంతుందో తెలియాలి. ఆ పని ఆలన్ బ్రూవర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు అప్పగించారు. పద్ధతి తేలికే. విమానంలో ఒక లోహపు ఉపరితలాన్ని చల్లబరుస్తూ పోవాలి, ఏ ఉష్ణోగ్రత దగ్గర దానిమీద మంచు పేరుకుంటుందో చూడాలి.

ఇంగ్లండ్ మీద స్ట్రాటో ఆవరణంలో, అంటే మబ్బులూ వానలూ ఉండే కింది పొరకు పైనున్న గాలి పొరలో, మంచు పేరుకోవాలంటే దాదాపు మైనస్ 80 డిగ్రీల దాకా చల్లబరచాల్సి వచ్చింది. గాలి అంత పొడిగా ఉందన్నమాట. కానీ అక్కడి గాలి అంత చల్లగా లేదే! మరి ఆ తేమంతా ఎక్కడ రాలిపోయింది? అంత చలి ఉండేది ఉష్ణమండలం మీద, 16, 17 కిలోమీటర్ల ఎత్తున. అంటే గాలి అక్కడ పైకెక్కి, తేమను మంచుగా వదిలేసుకుని, నెమ్మదిగా ధ్రువాల వైపు జరిగి కిందికి దిగుతోంది. బ్రూవర్ 1949లో ఈ మాట రాశాడు. ఓజోన్ కొలతలతో మరో శాస్త్రవేత్త గోర్డన్ డాబ్సన్ 1956లో అదే తీర్మానానికి వచ్చాడు. అందుకే దాన్ని బ్రూవర్-డాబ్సన్ ప్రసరణ అంటారు.

దీనికీ గ్రీన్‌హౌస్ వాయువులకూ ఉన్న ముడి నైట్రస్ ఆక్సైడ్ దగ్గర కనిపిస్తుంది. నేల నుంచీ, పొలంలో వేసిన నత్రజని ఎరువుల నుంచీ, సముద్రాల నుంచీ వచ్చే ఈ వాయువును కింది వాతావరణంలో దాదాపు ఏదీ కదిలించలేదు. వందేళ్ల లెక్కన చూస్తే, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పుట్టిస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో బిలియన్‌కు 270 పాళ్లుండేది, ఇప్పుడు 335 దాటింది. అది నశించేది స్ట్రాటో ఆవరణంలోనే, ముఖ్యంగా 25 కిలోమీటర్లకు పైన, అతినీలలోహిత కిరణాలు తగిలి. పోతూ పోతూ కొంత భాగం నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి ఓజోన్‌ను తింటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు అలా ఓజోన్‌ను తినగలవని 1970లో చూపినవాడు పాల్ క్రుట్జెన్. 1995లో ఆయనకు వచ్చిన నోబెల్‌లో ఈ పనికీ వాటా ఉంది.

కాబట్టి ఈ వాయువు ఎన్నేళ్లు బతుకుతుందన్నది, దాన్ని పైకి మోసుకెళ్లే గాలి ఎంత వేగంగా కదులుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇప్పుడు ఆయువు సుమారు 115 ఏళ్లు. కింది వాతావరణం వేడెక్కితే ఆ ప్రసరణ వేగం పెరుగుతుందని వాతావరణ మోడళ్లు దాదాపు ముక్తకంఠంతో చెబుతున్నాయి. అలా అయితే నైట్రస్ ఆక్సైడ్ తన చావు చోటుకు త్వరగా చేరుతుంది, ఆయువు తగ్గుతుంది.

నిజంగా వేగం పెరిగిందా అని చూడటం మాత్రం తలనొప్పి వ్యవహారమే అయింది. అంత నెమ్మదైన గాలిని నేరుగా కొలవలేం. అందుకే గాలి 'వయసు' లెక్కిస్తారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే పారిశ్రామిక వాయువు నేల దగ్గర ఏటా పెరుగుతూ ఉంటుంది. బెలూన్‌తో పైనుంచి తెచ్చిన గాలిలో ఆ వాయువు అయిదేళ్ల కిందటి నేలమట్టపు పాళ్లలో ఉంటే, ఆ గాలి పైకొచ్చి సుమారు అయిదేళ్లయిందన్నమాట. ప్రసరణ వేగం పెరిగితే వయసు తగ్గాలి. కానీ 1975 నుంచి ముప్ఫయ్యేళ్ల బెలూన్ కొలతలను కలిపి చూసిన పరిశోధకులు, ఉత్తరార్ధగోళం మధ్య అక్షాంశాల మీద 24 కిలోమీటర్లకు పైన తగ్గుదల ఏదీ తేలలేదని 2009లో ప్రకటించారు. మోడళ్లు నమ్మినవాళ్లకు మింగుడుపడని మాట అది. నా మటుకు నాకు, ఈ చరిత్రలో అన్నిటికంటే నిజాయితీగల ఘట్టం ఇదే. స్ట్రాటో ఆవరణం దిగువ భాగంలో వేగం పెరిగిందనడానికి తర్వాత ఆధారాలు బలపడ్డాయి, పై భాగంలో పేచీ తెగలేదు.

ఆయువు తగ్గుతుందన్న మాటకు అడ్డుతిరిగే సంగతి ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ నేలను వేడెక్కించినా స్ట్రాటో ఆవరణాన్ని చల్లబరుస్తుంది. అక్కడ గాలి పలచన, అది వదిలిన వేడి చాలావరకు అంతరిక్షంలోకి జారిపోతుంది. స్యుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ 1967లోనే తమ లెక్కల్లో దీన్ని చూపారు. చలి పెరిగితే పై భాగంలో ఓజోన్‌ను తినే చర్యలు మందగిస్తాయి. ఓజోన్ పెరిగితే కిందికొచ్చే అతినీలలోహిత కాంతి తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్‌కు కాస్త నీడ దొరుకుతుంది. ఒకవైపు తొందరగా మోసుకెళ్లే గాలి, ఇంకోవైపు ఈ నీడ. పైన చెప్పిన 270 రెట్ల లెక్కలో ఆ వాయువు ఆయువు కూడా కలిసే ఉంది, ఆయువు మారితే ఆ లెక్కా మారుతుంది.